తెల్లబడటమే కొలతగా: స్టెరాయిడ్ లేపనాలు, చర్మక్షీణత – చారిత్రక పరిశీలన

మదనపల్లె ఆరోగ్యవరం పేరు వినగానే ఊపిరితిత్తుల జబ్బు గుర్తుకొస్తుంది. కాని 1915 నుంచి అక్కడ నడిచిన క్షయ శానిటోరియం తరహా వైద్యానికి చర్మం ఒక ముఖ్యమైన సాక్షి. ముంజేతిలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత అక్కడ గట్టిపడిన వాపును కొలిచి, లోపల క్షయ సోకిందో లేదో అంచనా వేసేవారు. 1948లో దేశంలో బి.సి.జి. టీకాల ప్రయత్నం మదనపల్లెలోనే మొదలైంది. అదే ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాత రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చింది. ఈ కోవకు చెందిన మందులు లోనికి తీసుకుంటే ట్యూబర్‌క్యులిన్ స్పందనను సైతం అణచగలవు. చర్మం చెప్పే సాక్ష్యాన్ని మార్చే శక్తి వాటికి మొదటి నుంచీ ఉంది.

1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను లేపనంగా వాడి ఎగ్జిమాలో గుణం చూపారు. తర్వాత పదేళ్లలో అంతకంటే ఘాటైనవి వచ్చాయి. 1958 నాటికి ట్రయామ్సినోలోన్‌ను విడుదల చేసిన లెడర్లీ సంస్థలోనే మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించారు. అయితే ఆయన 1948లోనే మరణించారు. 1962లో మెకెంజీ, స్టౌటన్ ఈ మందుల బలాన్ని పోల్చే పద్ధతిని రూపొందించారు. ముంజేతిపై పూసినప్పుడు రక్తనాళాలు ముడుచుకొని చర్మం ఎంతగా పాలిపోతుందో చూడటమే ఆ పద్ధతి. ప్రయోగశాలకు కొలతగా ఉపయోగపడిన ఆ తెల్లదనమే మన బజారులో ‘రంగు తేలడం’గా అమ్ముడుపోయింది. మందు మానగానే నాళాలు తిరిగి విప్పారి ముఖం ఎర్రబారడం, మంట పుట్టడం, దానికి భయపడి మళ్లీ అదే ట్యూబు అందుకోవడం తర్వాతి కథ.

హాని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. 1963లోనే గజ్జల్లో పడిన క్షీణత చారలు వైద్యపత్రికకెక్కాయి. స్టెరాయిడ్ పైపొర కణాల పెరుగుదలను మందగింపజేస్తుంది. లోపొరలో కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. చర్మం పలుచనై నాళాలు బయటికి కనిపిస్తాయి. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ ఇచ్చిన లెక్క ప్రకారం ముంజేతితో పోలిస్తే నుదురు 6 రెట్లు, దవడ 13 రెట్లు, వృషణాల చర్మం 42 రెట్లు హైడ్రోకార్టిసోన్‌ను పీల్చుకుంటాయి. మంగు ముఖాన, తామర తరచుగా గజ్జల్లో వస్తాయి. జనం ఎక్కువగా పూసుకున్నది అత్యధికంగా పీల్చుకునే చోట్లనే! పైగా స్టెరాయిడ్ పూసిన తామర తన రూపాన్ని దాచుకుంటుందని 1968లో ఐవ్, మార్క్స్ వివరించారు.

నా దృష్టిలో ఈ చరిత్రలో కీలకమైన పత్రం ఒక అడుగు గమనిక. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. కాని ఆ జాబితా కింది గమనిక పైపూత మందులను మినహాయించింది. స్టెరాయిడ్ ఉన్న కంటి, చెవి, ముక్కు మందులకు ఆ మినహాయింపు వర్తించలేదు. చర్మానికి పూసేవాటికి వర్తించింది. అంటే బీటామెథసోన్ మాత్రకు చీటీ కావాలి, అదే మందు ట్యూబులో ఉంటే అక్కర్లేదు. పైన పూసింది లోపలికి పోదన్న ఊహ చట్టంలో అలా నిలిచిపోయింది.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఇది టమాటా సాగు నేల. మంగుకు వాడే మిశ్రమం మూలం 1975 నాటి క్లిగ్మన్ సూత్రం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిసిన ఆ మందు వాడేవారు ఎండ తగలకుండా చూసుకోవాలి. తోటలో కాయలు కోసే కూలీకి ఆ జాగ్రత్త సాధ్యమా? పలుచబడిన ముఖచర్మానికి ఎండే మొదటి శత్రువు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి అయినా, నిబంధన కేంద్రానిది కనుక సరిహద్దుకు ఏ పక్కన కొన్నా తేడా లేదు.

2008లో కోల్‌కతా వైద్యుడు కౌశిక్ లాహిరి ఈ ముఖవికృతికి ఒక పేరు పెట్టారు. 2011లో వెలువడిన బహుకేంద్ర అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ వాడుతున్నవారే. వారిలో 59 శాతానికి పైగా వైద్యులు కానివారి సలహాపై మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్చి 23న 14 స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. గజ్జల చారలు వైద్యపత్రికకెక్కిన 55 ఏళ్లకు! మందు మానితే పైపొర చాలావరకు కోలుకుంటుంది. లోపొర చిట్లి పడిన చారలు మాత్రం రంగు మారి అలాగే ఉండిపోతాయి.