అందులో మనోళ్లెవరన్నా ఉన్నరా?

2017 నవంబర్ 18న రాజమౌళి ఒక ఫోటో బయటపెట్టారు. తను, జూనియర్ ఎన్టీఆర్, రామ్‌చరణ్ ముగ్గురూ కలిసి కూచుని నవ్వుతున్న ఫోటో. పిక్చర్ పేరు లేదు, కథ లేదు, హీరోయిన్ ఎవరో లేదు. ఆ ఒక్క తస్వీర్ పట్టుకుని సిద్దిపేటలో మా ఇంట్ల ఆ రాత్రి దస్తర్‌ఖాన్ చుట్టూ గంటసేపు బహస్ నడిచింది. మా చెల్లె కొడుకు సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని “మామూ, ఇద్దరూ ఒకే పిక్చర్ల! పక్కీ ఖబర్!” అని గంతులు. ఎవరు అన్న, ఎవరు తమ్ముడు, విలన్ ఎవరు, బొంబాయి నుంచి ఎవరొస్తరు... వాడు చెప్తనే ఉన్నడు. తఖ్త్ మీద కూచుని తస్బీహ్ తిప్పుతున్న మా అమ్మీ అంతా విని, ఒక్క సవాల్ అడిగింది.

“అందులో మనోళ్లెవరన్నా ఉన్నరా బేటా?”

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ సవాల్ నాకు కొత్త కాదు. యాభై ఏళ్ల నుంచి వింటున్న. ఏ కొత్త పిక్చర్ ఖబర్ వచ్చినా మా అమ్మీది అదే సవాల్. ఆ రాత్రి నిద్రపట్టక, దాని తారీఖ్ ఏందో ఒకసారి తవ్వి చూడాలనిపించింది. ఈ వ్యాసం అదే.

మా బచ్‌పన్‌ల సిద్దిపేట మెదక్ జిల్లాల ఒక తాలూకా. కొత్త పిక్చర్ హైదరాబాద్‌ల ఆడినంక ఎన్నో వారాలకు గానీ మా ఊరికి రాదు. రీళ్లు ఇనుప పెట్టెల్లో బస్సు మీద వచ్చేవి. “పెట్టె దిగిందా?” అన్నదే బస్టాండ్ దగ్గర పోరగాళ్ల సలాం. పెట్టె దిగిన తెల్లారి రిక్షాకు రెండు పక్కలా బోర్డులు కట్టి, మైకు పెట్టి, రంగురంగుల కాగితాలు వెదజల్లుకుంట గల్లీ గల్లీ తిరిగేవాళ్లు. మేం వెనక ఉరికేవాళ్లం.

పిక్చర్ వచ్చేది ఆలస్యంగా. కానీ అఫ్వా మాత్రం అందరికంటే ముందే వచ్చేది. దాన్ని తెచ్చేది మా మామూ. ఆయన దర్జీ. అస్తర్ గుడ్డకు, గుండీలకు హైదరాబాద్ పోయినప్పుడల్లా ఢిల్లీ నుంచి వచ్చే ‘షమా’ ఉర్దూ రిసాలా కొనుక్కొచ్చేవాడు. 1939లో మొదలైన ఆ రిసాలాల అఫ్సానాలు, గజళ్లు, సినిమా ఖబర్లు, ఇనామ్ ఇచ్చే ముఅమ్మా అన్నీ ఉండేవి. మామూ ముఅమ్మా నింపుకుంటనే సినిమా పేజీలు బిగ్గరగా చదివేవాడు. పరదా అవతల అమ్మీ, ఖాలా చెవులు రిక్కించి వినేవాళ్లు. తెలుగుల అయితే 1966 నుంచి ‘విజయచిత్ర’, 1976 నుంచి ‘సితార’. బుధవారం రాత్రి రేడియో సిలోన్‌ల అమీన్ సయానీ గొంతు. ఇంతే మా దునియా.

జుమా బయాన్‌ల మౌల్వీ సాబ్ అఫ్వాలు మోసుడు గునాహ్ అని చెప్పేవారు. మామూ మర్యాదగా తల ఊపి, ఇంటికొచ్చినంక “ఇది అఫ్వా కాదు, ఖబర్” అని సర్దిచెప్పుకునేవాడు.

ఆ మాటకొస్తే “హీరో ఎవరు?” అన్న అఫ్వా మన దేశంల టాకీ అంత పాతది. తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిల విడుదలయింది. అర్దేషిర్ ఇరానీ మొదట హీరోగా అనుకున్నది మెహబూబ్ ఖాన్‌ను. ఆఖరికి పేరున్న మనిషి కావాలని మాస్టర్ విఠల్‌ను తీసుకున్నరు. విఠల్ తన పాత స్టూడియో ఒప్పందం విడిచి వచ్చిండని అదాలత్‌ల కేసు పడితే, ఆయన తరఫున వాదించిన వకీల్ ఎవరో తెలుసా? మొహమ్మద్ అలీ జిన్నా. మెహబూబ్ ఖాన్ హీరో కాలేదు గానీ, 1957ల ‘మదర్ ఇండియా’ తీసిండు. ఆ ఇరానీ కంపెనీల పనిచేసిన మన హెచ్.ఎం.రెడ్డి 1932ల తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిండు. ఎల్.వి.ప్రసాద్ ‘ఆలం ఆరా’లనూ ఉన్నడు, ‘ప్రహ్లాద’లనూ ఉన్నడు. అంటే ఉర్దూ టాకీ, తెలుగు టాకీ ఒకే ఆంగన్‌ల పుట్టిన బిడ్డలు.

అఫ్వాలల్ల అన్నిటికంటే పెద్దది ‘మొఘల్-ఎ-ఆజం’ది. కె.ఆసిఫ్ దాన్ని 1940లల్ల మొదలుపెట్టినప్పుడు అక్బర్ చంద్రమోహన్, అనార్కలీ నర్గిస్, సలీం సప్రూ. మధ్యల దేశం రెండు ముక్కలయింది. పైసలు పెట్టిన షిరాజ్ అలీ హకీం పాకిస్తాన్ వెళ్లిపోయిండు. 1949ల చంద్రమోహన్ చనిపోయిండు. పిక్చర్ ఆగిపోయింది. మళ్లీ షాపూర్‌జీ పల్లోంజీ పైసలతో లేచేసరికి మనుషులే మారిండ్రు: పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాల. 1960 ఆగస్టు 5న విడుదల. అంత ఇంతెజార్! ఆ పిక్చర్ కోసం ఎదురుచూస్తూ పెళ్లి చేసుకున్నోళ్లు, విడుదలయ్యేసరికి పిల్లలను ఎత్తుకుని పోయి చూసి ఉంటరని మామూ నవ్వేవాడు.

అప్పుడు అమ్మీ తన సవాల్ అడిగేది. మామూ ఛాతీ విప్పి జవాబిచ్చేవాడు. “సలీం మనోడే. యూసుఫ్ ఖాన్, పెషావర్. అనార్కలీ మన పిల్లే, ముంతాజ్ జహాన్.” మరి పోస్టర్ మీద ఆ పేర్లు ఎందుకు లేవని అమ్మీ అడిగితే మాత్రం మళ్లీ కుట్టుమిషన్ మీదికి వంగేవాడు.

ఇక్కడ ఇన్సాఫ్‌గా మాట్లాడుకోవాలె. యూసుఫ్ ఖాన్ 1944ల ‘జ్వార్ భాటా’తో దిలీప్ కుమార్ అయిండు. బాంబే టాకీస్ యజమానురాలు దేవికా రాణి పేరు మార్చమన్నది. సినిమా అంటే గిట్టని అబ్బాజాన్‌కు తెలిస్తే తంతడన్న భయం కూడా తనకుండెనని ఆయనే తర్వాత చెప్పుకున్నడు. అంటే పేరు దాచుకున్నది బజార్ కోసమే కాదు, ఇంటి కోసం కూడా. మహ్‌జబీన్ మీనా కుమారి అయింది. ఫాతిమా నర్గిస్ అయింది. అది ఆ జమానా దస్తూర్. ఎవరినీ తప్పుపట్టలేం.

కానీ ఆ దస్తూర్‌ను ఒక పిల్ల కాదన్నది. ఆ కథ మొదలయింది మన హైదరాబాద్‌ల, ఒక తెలుగు సినిమాతో.

1955. తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’ వచ్చింది. హీరో అక్కినేని, హీరోయిన్ షావుకారు జానకి. కానీ జనం మాట్లాడుకున్నది ఏరువాక పాటకు ఆడిన కొత్త పిల్ల గురించి. ఆ పిల్ల చెంగల్పట్టుల పుట్టిన వహీదా రెహమాన్. తండ్రి అప్పటికే లేరు. అదే ఏడు ఎన్టీఆర్ ‘జయసింహ’ల కూడా వేసింది.

ఆ రోజుల్ల బొంబాయి నుంచి గురుదత్ హైదరాబాద్ వచ్చిండు. ఎందుకొచ్చిండంటే, ‘మిస్సమ్మ’ చూసి హిందీల తీయొచ్చా అని ఆలోచించేందుకట. వెంట వచ్చిన రచయిత అబ్రార్ అల్వీ చెప్పిన కథ ఇది. తోవల వాళ్ల కారు బర్రెకు గుద్దుకుని రిపేరుకు పోయింది, కొన్ని రోజులు ఇక్కడే చిక్కుకుపోయిండ్రు. ‘మిస్సమ్మ’ది కూడా పేర్ల తారుమారు కథే. భానుమతితో మొదలై, గొడవై, ఆ వేషం సావిత్రికి దక్కింది. సావిత్రికి అనుకున్న వేషం జమునకు పోయింది. ఆఖరికి దాన్ని హిందీల ‘మిస్ మేరీ’గా తీసింది ఎల్.వి.ప్రసాదే, మీనా కుమారితో.

గురుదత్ ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుల కూచుని ఉంటే, బయట ఒక కారు చుట్టూ జనం మూగి హంగామా. ఎవరని అడిగితే, ‘రోజులు మారాయి’ల ఆడిన పిల్ల అన్నరు. పేరేందంటే వహీదా రెహమాన్. తెలుగు సినిమాల ఈ పేరా అని గురుదత్ హైరాన్ అయిండు. ఉర్దూ వస్తదంటే పిలిపించి మాట్లాడిండు. కొన్నాళ్లకు బొంబాయి నుంచి కబురొచ్చింది. ‘సి.ఐ.డి.’ పిక్చర్, హీరో దేవ్ ఆనంద్.

అక్కడ కాగితాల మీద దస్తఖత్ చేసే వేళ, పేరు మార్చుకోవాలె అన్నరు. పొడుగుందన్నరు. దిలీప్ కుమార్ మార్చుకోలేదా, మధుబాల మార్చుకోలేదా అన్నరు. ఇంకా మైనారిటీ తీరని పిల్ల, పక్కన అమ్మ. పైసల అవసరం ఉన్న ఇల్లు. అయినా ఆ పిల్ల ఒప్పుకోలేదు. అమ్మానాన్న పెట్టిన పేరు మార్చుకోనన్నది. ఆఖరికి వాళ్లే దిగొచ్చిండ్రు. 1956ల ‘సి.ఐ.డి.’ తెరమీద ఆ పేరే పడ్డది. 2021 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చినప్పుడు కూడా ఆ పేరే చదివిండ్రు.

మా అమ్మీ పదమూడేళ్ల పిల్లగా, నానీ బురఖా చెంగు పట్టుకుని, ఆడోళ్ల బెంచీల మీద కూచుని ‘రోజులు మారాయి’ చూసింది. పాట చూసి తిరిగొచ్చేటప్పుడు నానీని అడిగిందట, ఆ పిల్ల మనోళ్ల పిల్లేనా అని. అమ్మీ సవాల్ అక్కడ పుట్టింది. నేను ఇన్నేళ్లూ అది మజహబీ లెక్క అనుకున్న. కాదు. తన పేరులాంటి పేరు తెరమీద కూడా పడొచ్చని తెలిసిన ఒక చిన్న పిల్ల ఖుషీ అది.

ఈ కథకు ఇంకో మలుపుంది. తాపీ చాణక్యనే 1964ల ఎన్టీఆర్‌తో ‘రాముడు భీముడు’ తీసిండు. దాన్నే బి.నాగిరెడ్డి హిందీల ‘రామ్ ఔర్ శ్యామ్’గా తీస్తే దర్శకుడు మళ్లీ చాణక్యనే, హీరో దిలీప్ కుమార్. హీరోయిన్‌గా మొదట అనుకున్నది వైజయంతిమాలను. తర్వాత ఆ వేషం వహీదా రెహమాన్‌కు వచ్చింది. 1967ల విడుదల. ఒక తెలుగు పాటకు ఆడించిన దర్శకుడే పన్నెండేళ్ల తర్వాత ఆమెను దిలీప్ సాబ్ పక్కన నిలబెట్టిండు. మామూకు ఈ ముచ్చట చెప్తే ఈద్ ముబారక్ అన్నంత సంబరపడేవాడు. నాకు తెలిసేసరికి మామూ లేడు.

మరి తెలుగుల? 1955 ‘అనార్కలి’ల సలీం అక్కినేని, అక్బర్ ఎస్.వి.రంగారావు. 1979 ‘అక్బర్ సలీం అనార్కలి’ల అక్బర్ ఎన్టీఆర్, సలీం బాలకృష్ణ. ఆ పిక్చర్ వస్తున్నదన్న ఖబర్ రాగానే అమ్మీ సవాల్ రెడీ. అప్పటికి మామూ దగ్గర జవాబుంది. “తెర మీద లేరు ఆపా, తెర వెనక ఉన్నరు. బాలకృష్ణకు పాడేది మొహమ్మద్ రఫీ సాబ్!” అమ్మీ ఆ పాటలు రేడియోల వినుకుంట, రఫీ సాబ్ తెలుగు పలుకుబడిని ముచ్చటగా నవ్వుకునేది.

ఉల్టా కథలూ ఉన్నయి. మా పక్క కరీంనగర్‌ల 1909ల పుట్టిన పైడి జైరాజ్, నిజాం కాలేజీల చదివి బొంబాయి పోయి, ‘హాతింతాయి’ అయిండు, ‘టిప్పు సుల్తాన్’ అయిండు. తెలుగు హిందువుల బిడ్డ టిప్పు సుల్తాన్ అయితే మా మోహల్లా మొత్తం తాళీలు కొట్టింది. ఇప్పుడు మా సిద్దిపేట జిల్లాల ఉన్న ప్రజ్ఞాపూర్‌ల పుట్టిన బి.నర్సింగరావు ‘మా భూమి’ నిర్మించినప్పుడు, కథకు ఆధారం కృష్ణ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. దాన్ని తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. పాడిన గద్దర్ మా మెదక్ బిడ్డ.

మళ్లీ ఆ ఫోటో దగ్గరికొస్త. ‘ఆర్ఆర్ఆర్’ కోసం మా భాంజా నాలుగేళ్లు ఎదురుచూసిండు. 2019 మార్చిల హీరోయిన్‌గా డైసీ ఎడ్గార్ జోన్స్ అన్నరు, ఏప్రిల్‌ల ఆమె తప్పుకున్నది, నవంబర్‌ల ఒలీవియా మోరిస్ అన్నరు. 2020 జూలై 30 అన్న విడుదల తేదీ వాయిదా మీద వాయిదా పడ్డది. 2020 అక్టోబర్ 22న కొమురం భీమ్ టీజర్ వచ్చింది. ఆఖర్ల ఎన్టీఆర్ తల మీద టోపీ. భాంజా కేక పెట్టిండు: “నానీ, ఎన్టీఆర్ మనోడే!” అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసింది. తెల్లారేసరికి బయట హంగామా. నిజాం సర్కార్ మీద లడాయి చేసి 1940ల ప్రాణమిచ్చిన భీమ్‌కు టోపీ ఏందని కొందరు నాయకులు గరమైండ్రు. 2022 మార్చి 25న పిక్చర్ వచ్చినంక తెలిసింది, అది ఢిల్లీల తలదాచుకునేందుకు వేసిన వేషం. పేరు అఖ్తర్.

పిక్చర్ మాకు బాగా నచ్చింది. కానీ తిరిగొస్తుంటే నా దిల్‌ల ఒక మాట తిరిగింది. ఒకప్పుడు యూసుఫ్ తనను కాపాడుకునేందుకు దిలీప్ అయిండు. ఈ కథల భీమ్ తనను కాపాడుకునేందుకు అఖ్తర్ అయిండు. రెండూ వేషాలే. వేషం లేకుండ, తన పేరుతో తాను, కథల ఉన్న మామూలు మనిషిగా ఒక అఖ్తర్ ఎప్పుడొస్తడు? దుకాణం నడుపుకుంట, బిడ్డ పెళ్లి గురించి ఫికర్ పడుకుంట, మా సిద్దిపేట గల్లీల తిరిగే అఖ్తర్?

మొన్న మా భాంజా దోస్తులతో కలిసి చిన్న ఫిల్మ్ తీసిండు, కోమటి చెరువు కట్ట మీద. వాడే హీరో. పేర్లు వేసే కాడ దోస్తులు అన్నరట, పొడుగుంది, జర షార్ట్‌గా మంచిగుండేది పెట్టుకో అని. వాడికున్నది మా అబ్బా పేరు. నన్ను అడిగిండు. నేను ఏమీ చెప్పలే. పోయి నానీని అడుగు అన్న. అమ్మీ వానికి ఏ నసీహత్ చేయలే. పదమూడేళ్లప్పుడు చూసిన పాట గురించి, ఆ ఆడిన పిల్ల గురించి చెప్పింది.

వారం తర్వాత ఫోన్ తెచ్చి అమ్మీ చేతుల పెట్టిండు. ఏడు నిమిషాల ఫిల్మ్. అమ్మీ ఈసారి తన సవాల్ అడగలే. అక్షరాలు పడ్డ కాడ వేలు పెట్టి ఆపమన్నది. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంట, మా అబ్బా పేరు పూర్తిగా చదువుకున్నది.