కంకణము, కొంగుముడి, కలిపిన చేతులు

పూనుకొన్న పని ముగియువరకు వెనుదిరుగని మనుష్యుని గూర్చి మన తెలుగువారు, “ఆయన ఆ పనికి కంకణము కట్టుకొన్నాడు” అందురు. వ్రతము పట్టినవారికిని, పెండ్లి పీటలమీద కూర్చున్నవారికిని చేతికి కట్టు పసుపుదారమే ఈ మాటకు మూలము. దారము చిన్నది, రెండు వ్రేళ్లతో త్రెంపవచ్చును. అయినను అది కట్టించుకొన్నవాడు మాట యిచ్చినవాడని లోకము ఎరుగును.

మన దేశపు పెండ్లిలో చేతికిని ముడికిని గొప్ప స్థానము కలదు. వరుడు వధువు చేయి పట్టుట పాణిగ్రహణము. ఆ ఒక్క క్రియ పేరే పెండ్లి అంతటికిని పేరైనది. వరుని ఉత్తరీయపు అంచును వధువు చీర కొంగుతో కలిపి వేయునది కొంగుముడి; దానినే బ్రహ్మముడి అనియు అందురు. అయితే ఒక సంగతి గమనింపుడి. పెండ్లి ముగిసిన పిమ్మట కంకణము విప్పుదురు, కొంగుముడియు విప్పుదురు. ముడి విప్పినందున పెండ్లి విడిపోయినదని ఎవరును అనుకొనరు. గురుతు కొంతకాలముండి పోవును. గురుతు చూపిన మాట నిలుచును.

ఈ దినములలో మన యౌవనస్థులు కొందరు తమ వివాహక్రమమును తామే కూర్చుకొనగోరుచున్నారు. వధూవరుల చేతులను పట్టు నాడాతోనో, మూడు పేటల త్రాటితోనో కట్టవలెనని వారి కోరిక. ఇది మిగుల ప్రాచీనమైన పడమటి ఆచారమని విని అడుగుచున్నారు. పెద్దలలో కొందరు నవ్వుదురు, కొందరు కోపింతురు. నవ్వుటకును కోపించుటకును ముందు ఆ ఆచారపు చరిత్ర తెలిసికొనుట మేలు కాదా?

ఇంగ్లీషువారు దీనిని హాండ్‌ఫాస్టింగ్ అందురు. పూర్వకాలమందు ఆ మాటకు చేతులను త్రాటితో కట్టుట అని అర్థము లేదు. బేరము కుదిరినప్పుడు చేతిలో చేయి వేసినట్లు, చేయి పట్టుకొని మాట యిచ్చుట అని అర్థము. అది ముఖ్యముగా ప్రధానపు మాట. ఏడాదియు ఒక దినమును కలిసియుండి, ఇష్టము లేనియెడల విడిపోవచ్చునను కథను లోకములో వ్యాపింపజేసినది 1820లో వాల్టర్ స్కాట్ వ్రాసిన ‘ది మోనాస్టరీ’ అను నవల. నేడు కనబడు నాడాలు, త్రాళ్లు చాలవరకు ఇరువదవ శతాబ్దపు కూర్పులే. అంతకంటె బహు పురాతనమైనది కుడిచేతులు కలుపుట. రోమీయుల రాతి శవపేటికలమీద భార్యాభర్తలు కుడిచేతులు కలుపుకొని నిలిచిన శిల్పములు నేటికిని ఉన్నవి.

ఈ చరిత్రలో కన్నీళ్లును కలవు. పూర్వము యూరోపులో పురుషుడును స్త్రీయు ఏకాంతమున చేయి పట్టుకొని మాట యిచ్చుకొన్నను అది వివాహమే అని సంఘము ఒప్పుకొనెడిది. తరువాత పురుషుడు, “నేనట్లు అనలేదు” అనినయెడల ఆ స్త్రీకి దిక్కెవరు? చేయి పట్టుకొన్నట్లు చేయి సాక్ష్యము చెప్పదు. అందుచేత 1563లో త్రెంతు మహాసభ, పెండ్లి గురువు ఎదుటను సాక్షుల ఎదుటను జరుగవలెనని నియమించెను. ఇంగ్లండులో 1753లో హార్డ్‌విక్ ప్రభువు చట్టము రహస్య వివాహములను కొట్టివేసెను. స్కాట్లండులో అయితే, సాక్షుల ఎదుట మాట చెప్పుకొనుటచేతనే జరుగు వివాహములు 1940 వరకు చెల్లుచుండెను.

ఇంగ్లండు సంఘము 1549లో ప్రకటించిన ప్రార్థన గ్రంథములో ఒక చక్కని ఏర్పాటున్నది. వరుడు వధువు కుడిచేయి పట్టుకొని తన ప్రమాణము చెప్పును. పిమ్మట ఇద్దరును చేతులు విడిచెదరు. అప్పుడు వధువు తానే వరుని కుడిచేయి పట్టుకొని తన ప్రమాణము చెప్పును. ఎందుకు విడువవలెను? ఆమె పట్టబడినది మాత్రమే కాదు, తానును పట్టుకొన్నదని అందరికి తెలియుటకే అని నాకు తోచుచున్నది. కట్టబడిన చేయి ఆ మాట చెప్పజాలదు.

మన ఓరుగల్లు సీమకు ఈ క్రమములు మిషనరీలతో వచ్చినవి. హనుమకొండలో అమెరికను బాప్తిస్టు మిషను 1879లో ఆరంభమైనది. పూర్వపు వరంగల్ జిల్లాలోనిదై, నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న దోర్నకలుకు 1912లో వి. ఎస్. అజరయ్యగారు మొదటి బిషప్పు అయిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అక్కడి దేవాలయము మన దేశపు శిల్పరీతిని విడువలేదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును తన వివాహక్రమములో ఉంగరముతోపాటు మంగళసూత్రమునకును చోటిచ్చెను. గురుతు ఏ దేశపుదైనను కావచ్చును. ప్రమాణము మాత్రము ఉండి తీరవలెను.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము పుట్టినప్పుడు వరంగల్ నైజాము రాజ్యములోనిది; నేడు ఆ చట్టము ఇచ్చటను చెల్లును. అది త్రాటిని అడుగదు, ఉంగరమును అడుగదు. అధికారము గలవాని యెదుట, ఇద్దరు సాక్షులు వినగా, ఒకరినొకరు అంగీకరించుటను అడుగును; రిజిస్టరులో వ్రాతను అడుగును. ఆ వ్రాత బీద యింటి కుమార్తెకు మిక్కిలి గట్టి ముడి.

మూడు పేటల త్రాడు ప్రసంగి గ్రంథము నాలుగవ అధ్యాయములోనిది. అచ్చట పెండ్లి పందిరి లేదు. ఒకడు పడినప్పుడు రెండవవాడు లేవనెత్తుటయు, చలిలో ఒకరికొకరు వెచ్చదన మిచ్చుటయు ఉన్నవి.

కాబట్టి పెద్దలారా, పిల్లలు నాడా కట్టుకొనగోరినయెడల కోపింపకుడి. ప్రమాణములు చెప్పి, సంతకములు చేసిన తరువాత కట్టనియ్యుడి. యౌవనస్థులారా, ఆ నాడా సాయంకాలమునకే విప్పబడునని మరువకుడి. మరునాడు జ్వరముతో నున్న భార్యకు గంజి కాచి యిచ్చు చేయి, పని పోయి తల వంచుకొని వచ్చిన భర్త భుజముమీద వేయు చేయి, ఇవియే నిజముగా కట్టబడిన చేతులు. ఆ కంకణము కట్టుకొన్నవారు ధన్యులు.