లోరాన్ ఆగిన చలికాలం

2010 ఫిబ్రవరి 8న అమెరికా కోస్ట్ గార్డ్ సముద్రం మీద పడవలు తాము ఎక్కడున్నాయో తెలుసుకునే లోరాన్-సి రేడియో సంకేతాలను ఆపేసింది. న్యూ ఇంగ్లండ్ తీరంలో చిన్న పడవల మీద చేపలు, లాబ్‌స్టర్లు పట్టి బతికే కుటుంబాల్లో తండ్రుల నాటి నుంచి పోగైన లోరాన్ అంకెల నోటుపుస్తకాలు ఆ రోజే అనాథలయ్యాయి.

లోరాన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎంఐటీలో పుట్టింది. లోరాన్-సి దాని తర్వాతి తరం. ఈ తీరానికి న్యూయార్క్ రాష్ట్రంలోని సీనెకా ప్రధాన స్టేషను. కారిబూ, నాన్‌టకెట్, కెరొలినా బీచ్ వంటివి దాని తోడు స్టేషన్లు. అన్నీ 100 కిలోహెర్ట్జ్ మీద సెకనుకు సుమారు పదిసార్లు పలికేవి. సీనెకా పిలుపు అందాక తోడు స్టేషను పిలుపు ఎన్ని మైక్రోసెకన్లకు అందిందో పడవలోని రిసీవరు పెట్టె లెక్కగట్టేది. అలాంటి రెండు అంకెలు కలిస్తే సముద్రం మీద ఒక చోటు దొరికినట్టే.

పెట్టె కొన్నంత మాత్రాన పని అయ్యేది కాదు. చెక్క పడవైనా, ఫైబర్ పడవైనా నీటిమట్టం కింద బయటివైపు రాగి పలక బిగించాలి. యాంటెన్నా అడుగున ఉండే కప్లర్ అనే భాగం నుంచి అక్కడిదాకా లావుపాటి ఎర్తు తీగ లాగాలి. ఉప్పుగాలికి ఆ తీగ కొసల్లో పచ్చని చిలుము పట్టేది, ఎర్తు బలహీనపడేది, దాంతో దూరపు స్టేషను సన్నగిల్లేది. ఆల్టర్నేటరు, కేబిన్లోని ట్యూబులైటు పుట్టించే రొద కూడా సరిగ్గా 100 కిలోహెర్ట్జ్ దగ్గరే వచ్చిపడేది. అందుకే రేవులో ఇంజను నడుస్తుండగానే ఒక్కో స్విచ్చు వేసి, తెర మీద సంకేతబలం ఎప్పుడు పడిపోతుందో కాచుకుని చూసేవారు. పంపు వేస్తే ఏమీ కాదు. ట్యూబులైటు వేయగానే కారిబూ అంకె నిలకడ తప్పేది. ఆ లైటుకు ఫిల్టరు కట్టాలి, లేదా దాని వైరును యాంటెన్నా కేబులుకు ఎడంగా మళ్లించాలి. ఇంత ఓపిక పట్టినవాడికే నమ్మదగిన అంకె దక్కేది.

అలా దక్కిన అంకె విలువ వేరు. నేల మీదుగా వచ్చే తరంగం వేగం తగ్గుతుంది కాబట్టి, అక్షాంశ రేఖాంశాల్లోకి మారిస్తే పావు మైలు దాకా తేడా రావచ్చు. కానీ అవే అంకెలు పట్టుకుని మళ్లీ వెళితే, పరిస్థితిని బట్టి 18 నుంచి 90 మీటర్ల లోపు అదే చోటికి చేరేవారు. వల చిక్కుకున్న బండ, మునిగిన ఓడ, గట్టినేల ఆగి బురద మొదలయ్యే అంచు అన్నీ పుస్తకంలోకి అంకెలుగానే ఎక్కేవి. ఆ పుస్తకం కొడుకుకు ఇచ్చేదే గాని పక్క పడవవాడికి చూపించేది కాదు.

తర్వాత జీపీఎస్ వచ్చింది. 2000 మేలో దానిలో కావాలని పెట్టిన తప్పును తీసేశారు. లోరాన్‌కు కావలసినంత ఎర్తు తంటా దానికి లేదు, ధరా తక్కువే. లోరాన్‌ను ఆపితే ఐదేళ్లలో 19 కోట్ల డాలర్లు మిగులుతాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆపేస్తున్నామన్న నోటీసు 2010 జనవరి 7న వచ్చింది. అంటే ఒక్క నెల గడువు, అదీ చిన్న పడవలు చాలావరకు గట్టున ఉండే కాలంలో. పాత అంకెలను నమ్మకంగా జీపీఎస్‌లోకి మార్చుకోవాలంటే లోరాన్, జీపీఎస్ రెండు పెట్టెలూ వేసుకుని ఒక్కో చోటికీ పడవలో వెళ్లి రాసుకోవాలి. కనీసం ఒక వేటకాలమైనా ఆగవలసింది. ఆగకపోవడం అన్యాయమనే నేను అంటాను.

ఏప్రిల్ 28న అలాస్కాలోని పోర్ట్ క్లారెన్స్‌లో 1,350 అడుగుల లోరాన్ టవరును పేల్చి కూల్చారు. ఆగస్టు 3న కెనడా కూడా తన స్టేషన్లను ఆపింది. మార్చుకోలేకపోయిన అంకెలను లెక్క కట్టి జీపీఎస్‌లో వేసుకున్నా, బండ ఆ గుర్తుకు ఏ పక్కన ఉందో వల వేస్తే గాని తెలియదు. చిరిగిన వల ఖర్చు ఆ 19 కోట్ల లెక్కలో ఎక్కడా లేదు.