చిప్పు మీదుగా నీటికాలువ

2025 నవంబరు 27, థాంక్స్ గివింగ్ రాత్రి. షికాగో మర్కంటైల్ ఎక్స్‌ఛేంజిలో లావాదేవీలు హఠాత్తుగా ఆగిపోయాయి. ముడిచమురు, బంగారం, అమెరికా ప్రభుత్వ బాండ్లు, స్టాక్ సూచీల ఫ్యూచర్లు, అన్నీ పది గంటలకు పైగా నిలిచిపోయాయి. సైబర్ దాడి జరగలేదు, సాఫ్ట్‌వేర్‌లో తప్పూ లేదు. షికాగోకు పడమటి శివారు అరోరాలో, డీల్ రోడ్డు మీదున్న డేటా సెంటర్‌లో సర్వర్లను చల్లబరిచే చిల్లర్ ప్లాంటు మొరాయించింది. ఎక్స్‌ఛేంజి తనకోసం కట్టుకుని, 2016లో సైరస్‌వన్ అనే సంస్థకు అమ్మి, అద్దెకు ఉంటున్న భవనం అది. బయట చలికాలం మొదలైపోయింది, లోపల మాత్రం సర్వర్లు వేడెక్కిపోయాయి.

అరోరా తెలుగువాళ్లకు ఎరుకైన ఊరే. సల్లివన్ రోడ్డు మీద 1986లో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడికి పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తుంటారు. ఇక్కడా, పక్కనే ఉన్న నేపర్‌విల్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల బేస్‌మెంట్లలో పిల్లలు తమ చేతులతో బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్లూ ఉన్నాయి. డీల్ రోడ్డు మీద వచ్చిన వేడి చిక్కే చిన్న కొలతలో అక్కడా ఉంది. హైస్కూల్లో చదువుతున్న మా మేనల్లుడు మొన్నామధ్య, “మామయ్యా, నాలుగొందల డాలర్లలో కస్టమ్ లూప్ అవుతుందా?” అని అడిగాడు. విడిభాగాలు కొని మనమే బిగించుకునే నీళ్ల కూలింగ్‌కు అది పేరు. అవునో కాదో చెప్పేముందు ఇది ఎక్కడ పుట్టిందో వాడికి చెప్పాలనిపించింది. కంప్యూటర్ ప్రియుల ఇళ్లలోకి నీళ్లు వచ్చింది చవకదారినే. ఖరీదు తర్వాత వచ్చి చేరింది.

నీరు వేడిని మింగెయ్యదు, మోసుకెళ్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా లెక్కంతా తేలిక. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి, లీటరు గాలికి పట్టేదాని కన్నా సుమారు 3,500 రెట్లు ఎక్కువ. అందుకే సన్నని గొట్టంలో పారే కాసిని నీళ్లు, పెద్ద ఫ్యాను తోసే గాలి కన్నా ఎక్కువ వేడిని ఎత్తుకుపోతాయి. చిప్పు మీద రెండు వేళ్లంత చోట పుట్టిన వేడిని తీసుకెళ్లి మూరెడు పొడవున్న రేడియేటర్‌లో పరుస్తాయి. అక్కడి నుంచి గదిలోకి తోసేది మళ్లీ గాలే. కాబట్టి ఎంత ఖరీదైన లూప్ అయినా చిప్పును గది కన్నా చల్లగా ఉంచలేదు. అరోరాకు ఉత్తరాన బటేవియాలో ఫెర్మీల్యాబ్ ఉంది. విమానంలోంచి చూస్తే దాని ఆవరణలో గుండ్రంగా ఒక నీటివలయం కనిపిస్తుంది. భూమిలో ఉన్న అయస్కాంతాల వేడిని మొయ్యడానికి తవ్వినదే ఆ చెరువు. మైళ్ల పొడవున్నా సూత్రం అదే.

ఈ సూత్రం కంప్యూటర్ల వాళ్లు కనిపెట్టింది కాదు. మన పొలాలకు కరెంటు మోటార్లు రాకముందు బావిగట్టున ఆయిలింజను ఆడేది. చాలాచోట్ల దాని పక్కన ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీరు పైగొట్టంలోంచి డ్రమ్ములోకి ఎక్కేది, చల్లారిన నీరు అడుగు గొట్టంలోంచి మళ్లీ ఇంజనులోకి దిగేది. వేడినీరు తేలిక గనుక ఈ తిరుగుడుకు వేరే పంపు కూడా అక్కర్లేదు. ఇవాళ పిల్లలు వాటర్ బ్లాక్ (వేడిచోటును ఆనుకుని నీళ్లు పారే భాగం), ట్యూబు, రిజర్వాయర్ అంటున్నవి అప్పటికే ఆ గట్టు మీద ఉన్నాయి. లేనిదల్లా రేడియేటర్. దాన్ని కార్లవాళ్లు తెచ్చారు. 1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారు కోసం విల్‌హెల్మ్ మైబాక్ 8,070 సన్నని చదరపు గొట్టాలను ఒకటిగా అతికాడు. గొట్టాల్లోంచి గాలి, వాటి సందుల్లోంచి నీరు పోయేలా అమర్చాడు. తేనెపట్టు రేడియేటర్ అని పేరుపడింది. కంప్యూటర్ కథలో దాని వంశం మళ్లీ కనిపిస్తుంది.

కంప్యూటర్లలో నీళ్లు మొదట పెద్దవాళ్ల ఇళ్లలోనే పారాయి. ఐబీఎం 1980లో ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో వందకు పైగా చిప్పులను ఒకే పెట్టెలో కూర్చి, ఒక్కొక్కదాని మీద స్ప్రింగు బిగించిన చిన్న లోహపు పిస్టన్ ఆనించారు. పెట్టెలో హీలియం నింపారు, పైన నీళ్లు పారే పలక పెట్టారు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని చిప్పెవా ఫాల్స్‌లో పుట్టిన సేమూర్ క్రే ఇంకో దారి పట్టాడు. 1976 నాటి క్రే-1ను ఫ్రీయాన్‌తో చల్లబరిచాడు. 1985 నాటి క్రే-2 బోర్డులనైతే ఫ్లోరినెర్ట్ అనే కరెంటు పారని ద్రవంలో ఏకంగా ముంచేశాడు.

ఇవన్నీ భారీ యంత్రాలు. ఇవాళ్టి గేమింగ్ కంప్యూటర్‌కు అసలు పునాది 1981లో స్టాన్‌ఫర్డ్‌లో పడిందని నా నమ్మకం. డేవిడ్ టకర్‌మన్, ఫేబియన్ పీస్ అనే ఇద్దరు ఒక సిలికాన్ ముక్క వెనకవైపు తలవెంట్రుక కన్నా సన్నని కాలువలు చెక్కి వాటిలో నీరు పారించారు. చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని, 71 డిగ్రీల పెరుగుదలతో తీసెయ్యగలిగారు. అప్పటి చిప్పులకు అంత అవసరమే లేదు. ఇప్పుడు వంద డాలర్ల వాటర్ బ్లాక్ మూత తీసి చూస్తే రాగి పలక మీద దువ్వెనపళ్ల కన్నా సన్నగా కనిపించే గీతలు ఆ ఆలోచన వారసత్వమే. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది. అవసరం కన్నా ఎంతో ముందు వచ్చిన జవాబు.

1990ల్లో మెయిన్‌ఫ్రేమ్‌లు తక్కువ కరెంటు తాగే సీమాస్ చిప్పులకు మారడంతో కంపెనీలు నీళ్ల గొట్టాలు పీకేశాయి, గాలి చాలనుకున్నాయి. వాళ్లు వదిలేసిన చోటనే కుర్రాళ్లు అందుకున్నారు.

1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. 300 మెగాహెర్ట్జ్ చవక చిప్పు. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే చాలా చిప్పులు 450 దగ్గర నిలకడగా నడిచాయి, ఎన్నో రెట్లు ఖరీదైన పెంటియం-2తో పోటీపడ్డాయి. దానికి నీళ్లు అక్కర్లేదు, మంచి ఫ్యాను చాలు. కానీ చిప్పును ఇలా అదనపు వేగంతో నడిపే ఓవర్‌క్లాకింగ్ రుచి లోకమంతా పాకింది అప్పుడే. రెండు మూడేళ్లలో చిప్పులు మరీ వేడెక్కాయి. వాటి మీద నిమిషానికి ఏడు వేల చుట్ల దరిదాపుల్లో తిరిగే బెత్తెడు ఫ్యాన్లు పెట్టారు. ఆ రొద పక్కన కూర్చుని చదవడం, పడుకోవడం అయ్యే పని కాదు. వేగం మీద మోజు ఎంతో, నిశ్శబ్దం కోసం తహతహ కూడా అంత. రెండూ కలిసి వాళ్లను నీళ్ల దగ్గరికి నడిపించాయి.

అప్పటికి దుకాణాల్లో సామాను దాదాపు లేదు. పాతకార్ల యార్డుకు వెళ్లి, చలికాలంలో కారు లోపల వెచ్చదనం ఇచ్చే హీటర్ కోర్ కొనేవారు. 1977 మోడల్ పాంటియాక్ బానవిల్ కారుది ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ కారును ఎన్నడూ చూడని పిల్లలకు కూడా దాని హీటర్ కోర్ కొలతలు నోటికి వచ్చేవి. మైబాక్ వంశం కంప్యూటర్ గదిలో అడుగుపెట్టింది ఇలాగే. పంపు చేపల తొట్టిది, జర్మనీ వాళ్ల ఏహైమ్. అది గోడ ప్లగ్గు కరెంటు మీద నడిచేది. కంప్యూటర్ వేసి పంపు వెయ్యడం మరిచిపోతే చిప్పు పని అంతే. అందుకని రెండూ ఒకేసారి వెలిగేలా రిలే పెట్టుకునేవారు. వాటర్ బ్లాక్ కోసం రాగి దిమ్మ తెచ్చి డ్రిల్లు మిషనుతో కాలువలు తొలిచేవారు. మామూలు ప్లాస్టిక్ ట్యూబు, ఇనుప క్లాంపులు, డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కాస్త కారు కూలెంటు. ఈ వస్తువు బాల్యం ఇదీ. చేతిలో పెద్దగా డబ్బులేని, తెలుసుకోవాలన్న కోరిక పుష్కలంగా ఉన్న వాళ్లు పెంచిన బిడ్డ.

ఆ తర్వాత దుకాణాలు వచ్చాయి. కూలెన్స్ 2000లో, స్లొవేనియాలో ఈకే 2003లో మొదలయ్యాయి. చేపల తొట్టి పంపు చోటులోకి లాయింగ్ కంపెనీ డీ5 వచ్చింది. ఇరుసు లేకుండా ఒకే పింగాణీ గుండు మీద తిరిగే రోటరు దాని ప్రత్యేకత. వేడినీటి గొట్టాల కోసం పుట్టిన ఆ పంపే ఇవాళ్టికీ కస్టమ్ లూపులకు గుండెకాయ. 2004 జూన్‌లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5లో నీళ్ల కూలింగ్ పెట్టింది. కొన్నేళ్లకు వాటిలో కొన్ని కారడం మొదలుపెట్టి నీళ్లంటే భయాన్నీ పెంచాయి. 2009లో కోర్సెయిర్, డెన్మార్క్ కంపెనీ అసెటెక్ తయారీతో హెచ్50 అమ్మింది. అన్నీ ఫ్యాక్టరీలోనే నింపి మూసేసిన యూనిట్. నాలుగు స్క్రూలు బిగిస్తే అయిపోతుంది. జనం అటు వెళ్లారు. కస్టమ్ లూప్ మిగిలింది అందం కోసం చేసేవాళ్లకు. గాజు తలుపులు, రంగు దీపాలు, వంచిన యాక్రిలిక్ గొట్టాలు, ధర వెయ్యి డాలర్ల పైమాట.

ఈలోగా పెద్ద యంత్రాలు మళ్లీ నీళ్లకే తిరిగి వచ్చాయి. షికాగో శివారులోనే లెమాంట్‌లో ఉన్న ఆర్గాన్ ల్యాబ్ సూపర్‌కంప్యూటర్ పేరు కూడా అరోరాయే. 63,744 గ్రాఫిక్స్ ప్రాసెసర్లున్న ఆ యంత్రం నీళ్ల మీదే నడుస్తుంది. 2024 మేలో ఎక్సాస్కేల్ అనే వేగపు గీత దాటింది. ఇళ్లలోనూ అంతే. సెలెరాన్ 300ఏ వేడి 20 వాట్ల దరిదాపుల్లో ఉంటే, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 575 వాట్లు.

మా మేనల్లుడి కార్డు అంత పెద్దది కాదు. కార్డుకు 300, ప్రాసెసర్‌కు 120, మొత్తం 420 వాట్లు. నిమిషానికి నాలుగు లీటర్లు పారితే, లూపంతా తిరిగి వచ్చేసరికి నీరు వేడెక్కేది ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. ఈ చిన్న లెక్కే చాలా డబ్బు మిగులుస్తుంది. ముందు కార్డా, ముందు ప్రాసెసరా, మధ్యలో ఇంకో రేడియేటర్ కావాలా అనే చర్చ అవసరం లేదు. ఏది దగ్గరైతే దానికి ట్యూబు కలిపెయ్యొచ్చు. ట్యూబు తగ్గుతుంది, వంపు ఫిట్టింగులూ తగ్గుతాయి. కొత్తవాళ్ల డబ్బు తెలియకుండా కరిగేది ఆ ఫిట్టింగుల దగ్గరే. రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, పంపు: ఒక్కోదానికి రెండు చొప్పున మామూలు ఫిట్టింగులు పది చాలు. గట్టి గొట్టాలకు పోతే వంపులన్నీ కొనాలి. మెత్తటి ట్యూబు చూడ్డానికి సాదాగా ఉంటుంది, చల్లదనంలో మాత్రం తేడా లేదు.

తగ్గించకూడనిది రేడియేటర్ వైశాల్యం. ఒక్కో 120 మి.మీ. ఫ్యాను చోటుకు వంద వాట్లు అనుకోవడం పాతవాళ్ల లెక్క. 420 వాట్లకు ఒక 360 మి.మీ. రేడియేటర్, ఒక 240 మి.మీ. రేడియేటర్ పెడితే ఫ్యాన్లు ఐదు, ఒక్కోదానికి 84 వాట్లు. మెల్లగా తిరిగినా సరిపోతుంది, రొద ఉండదు. నీళ్లకు వెళ్లడంలో సగం ఉద్దేశం అదే గదా. రాగి, ఇత్తడి రేడియేటర్లు వాడినవైనా కొనొచ్చు. వేడినీటితో బాగా కడిగితే కొత్తవాటితో సమానం. అల్యూమినియం రేడియేటర్ ఎంత చవకగా దొరికినా, రాగి బ్లాకుతో కలిపి వాడొద్దు. ఒకే నీటిలో ఈ రెండు లోహాలు కలిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, చివరికి రేడియేటర్ కారుతుంది. చవక కిట్లలో ముందు చూడాల్సింది ఈ ఒక్క సంగతే.

గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ ఆ మోడల్‌కే సరిపోతుంది. కార్డు మారిస్తే అది పోయినట్టే. పంపు, రేడియేటర్లు, ఫిట్టింగులు మాత్రం తర్వాతి కంప్యూటర్‌కూ వస్తాయి. అందుకే ఉన్న డబ్బు వాటిమీదే పెట్టమంటాను. కార్డు మీది ఫ్యాక్టరీ కూలర్ ఊడదీస్తే వారంటీ ఏమవుతుందో కొనే ముందే చదువుకోవాలి.

అరోరా ప్రత్యేకతలు రెండున్నాయి. ఇక్కడి కుళాయిలో వచ్చేది ఫాక్స్ నది నీరు, బావుల నీరు కలిసినది. సున్నం, ఉప్పులు ఉంటాయి. జెవెల్ దుకాణంలోనో మేయర్‌లోనో గ్యాలన్ డిస్టిల్డ్ వాటర్ ఒకటి రెండు డాలర్లకు దొరుకుతుంటే కుళాయి నీరు పొయ్యడం అన్యాయం. నాచు పట్టకుండా బయోసైడ్ చుక్కలు వేస్తే చాలు, రంగునీళ్లు అక్కర్లేదు. రెండోది జనవరి చలి. కిటికీ తెరిచి రేడియేటర్ బయట పెడదామని ప్రతి కుర్రాడికీ ఒకసారి అనిపిస్తుంది. కానీ గది కన్నా బాగా చల్లబడిన బ్లాక్ మీద గాలిలోని తేమ చెమ్మగా దిగి మదర్‌బోర్డు మీదికి కారవచ్చు. రాత్రి సున్నా కిందికి పడితే గొట్టంలో నీరే గడ్డకడుతుంది. రేడియేటర్ బేస్‌మెంట్‌లోనే ఉండాలి. 420 వాట్లు ఆ గదిని కొంత వెచ్చబెడతాయి కూడా.

నాలుగొందల్లో రెండు బ్లాకులూ కొత్తవే కావాలంటే కష్టం. అందుకని ముందు కార్డుకే నీళ్లు పెట్టమన్నాను. వేడిలో దాదాపు ముప్పాతిక దానిదే కాబట్టి. ప్రాసెసర్ మీద ఇప్పుడున్న గాలి కూలర్ ఇంకో ఏడాది ఉంటుంది. పంపు, రిజర్వాయర్ కలిసినది కొత్తది, 360 రేడియేటర్ వాడినది, 240 తర్వాత. శనివారం వెస్ట్‌మాంట్ మైక్రో సెంటర్‌కు వెళ్లి ట్యూబు, ఫిట్టింగులు చేత్తో పట్టుకుని చూసి తీసుకుంటాడు. బిగించాక పవర్ సప్లయి నుంచి పంపు ఒక్కదానికే కరెంటు ఇచ్చి, కీళ్లన్నిటి కిందా పేపర్ టవల్స్ పరిచి, ఒక పూర్తి రోజు నీళ్లు తిప్పాలి. అవి పొడిగా ఉంటేనే మదర్‌బోర్డు ప్లగ్గు పెట్టాలి.