ఉమ్మెత్త నేర్పిన వైద్యము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్టభూములలో ఉమ్మెత్త మొక్కను ఎరుగనివారు అరుదు. బాటల ప్రక్కను, బీళ్ళలోను, పెంటకుప్పల చెంతను అది తనంతట తానే మొలచును. బాకా వంటి పువ్వు, ముండ్ల కాయ దాని గుర్తులు. దాని గింజలు తిన్నవారికి నోరు ఎండును, కనుపాపలు విప్పారును, మతి చలించును, మూత్రము బిగియును. ఈ చివరి లక్షణమునకును, ఒక ఔషధ చరిత్రకును దగ్గర సంబంధము కలదు.

మూత్రాశయము ఒక కండరపు సంచి. పెద్దవారిలో సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రము అందులో పట్టును. అది నిండువరకు కండరము సడలియుండి, విసర్జన సమయమున మాత్రమే ముడుచుకొనవలెను. కొందరిలో అది నిండకమునుపే ముడుచుకొనును. అప్పుడు ఆపుకొనలేని తొందర కలుగును. ఒక్కొక్కప్పుడు బట్టలు తడియును. పెద్దవయసువారు పలువురు సిగ్గుచే దీనిని ఇంటివారికైనను చెప్పక, పెండ్లిండ్లకును ప్రయాణములకును దూరమగుదురు.

ఐరోపాలో పెరుగు బెల్లడొన్నా మొక్కయు ఉమ్మెత్త వలెనే వంగ కుటుంబమునకు చెందినది. రెండింటిలోని విషము ఒకే జాతిది. 1833లో జర్మనీ రసాయనవేత్తలు గైగర్, హెస్ బెల్లడొన్నా నుండి ఆట్రోపిన్‌ను వేరుచేసి వర్ణించిరి. ఫ్రెంచి వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో (1801–1867) ప్రక్క తడుపు పిల్లలకు బెల్లడొన్నాను మందుగా వాడెను. అది ఎట్లు పనిచేయునో నాడు తెలియదు.

ఆ మర్మము కప్పగుండెల మూలమున బయటపడెను. 1921లో ఆటో లోవీ ఒక కప్పగుండెకు చేరు నరమును ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదించెను. దానిని తడిపిన ద్రవమును మరియొక గుండెకు చేర్చగా అదియు నెమ్మదించెను. నరముల ఆజ్ఞను మోయునది ఒక రసాయనమని దీనివలన తేలెను. అదియే ఎసిటైల్‌కోలిన్. ఈ కృషికి లోవీకి, హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ బహుమతి లభించినది. మూత్రాశయపు కండరమును ముడుచునదియు ఎసిటైల్‌కోలినే. ఆట్రోపిన్ దాని దారికి అడ్డుపడును.

ఈ సూత్రముపైననే ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్ అను మందులు తయారైనవి. అమెరికాలో మొదటిదానికి 1975లో, రెండవదానికి 1998లో అనుమతి లభించినది. కాని ఉమ్మెత్త గుణము వీనిని పూర్తిగా విడువలేదు. నోరెండుట, మలబద్ధకము కలుగవచ్చును. వృద్ధులలో మతి తికమకపడవచ్చును. 2011లో జపానులో అనుమతి పొందిన మిరాబెగ్రాన్ వేరొక త్రోవ త్రొక్కినది. అది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డగింపదు. కండరమును సడలించు గ్రాహకమును ప్రేరేపించును. అయితే రక్తపుపోటును కనిపెట్టుచుండవలెను.

అట్లని ఉమ్మెత్త గింజలను మందుగా మ్రింగరాదు. అందలి విషము మొక్క మొక్కకును మారును. అది ప్రాణము తీయవచ్చును. మధుమేహము, మూత్రమార్గపు సోకుడు, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి వాపు కూడ ఇట్టి బాధను కలిగింపవచ్చును. కారణమును తేల్చవలసినవాడు వైద్యుడు. ఇది రోగమే కాని అపకీర్తి కాదని ఎరిగి, ఇంటి పెద్దలు నోరు విప్పి చెప్పుకొనునట్లు చేయుట మనవంతు.