చాపకూడు

పలనాటి వీరకథయందుఁ జాపకూడను మాట ప్రసిద్ధము. బ్రహ్మనాయుఁడు తన వీరుల నెల్లరను గులవిచక్షణ లేక యొక్క చాపపైఁ గూర్చుండఁబెట్టి కుడిపించె నని కథ. పాఠశాలలలో బాలురకు దీనిని సహపంక్తిభోజన మని యర్థము చెప్పుచున్నారు. ఆ యర్థము తప్పు గాదు గాని చాలదు. పంక్తి వేఱు, చాప వేఱు. ఈ భేదమును గుర్తింపనిచోఁ బలనాటివారు చేసిన పని యెంతటిదో తెలియదు. కావున ముందు పదములను, పిదపఁ జరిత్రమును విచారింతును.

కలిసి కుడుచుటకు సంస్కృతమున సగ్ధి యని ప్రత్యేకపదము గలదు. అమరసింహుఁడు వైశ్యవర్గమున సపీతి, సగ్ధి యను రెండింటిని జంటగాఁ జెప్పెను. మొదటిది కలిసి త్రాగుట, రెండవది కలిసి తినుట. చమకమునందు యజమానుఁడు కోరు కోరికలలోను నివి రెండును గలవు. పాలు, నెయ్యి, తేనె కోరిన వెంటనే సగ్ధిని సపీతిని గోరి, యటుపిమ్మట సేద్యమును వానను గోరును. అన్నము వేఱుగాఁ గోరఁబడినది, ఆఁకలి లేమియు వేఱుగాఁ గోరఁబడినది. అన్న మున్నంతనే సగ్ధి లభింప దనియు, నది ప్రత్యేకముగాఁ గోరి తెచ్చుకొనవలసిన సంపద యనియు మంత్రద్రష్టల యాశయ మని దీనివలనఁ దేలుచున్నది.

పదసిద్ధి విద్యార్థులకు మంచి పరీక్ష. ఘసధాతువుమీఁద క్తిన్‌ప్రత్యయము వచ్చి, 6-4-100 సూత్రముచే నుపధ లోపించి, సకారము లోపించి, తకారము ధకారమై, ఘకారము గకారమై, సమానశబ్దమునకు సకారాదేశము రాఁగా సగ్ధి యైనది. ధాతువునం దొక్క హల్లు, అదియు మాఱినరూపమున, మిగిలినది. ఈ లోపము ఛందోవిషయము. అయినను ఛాందసరూపమునే యమరుఁడు లోకకోశమున కెక్కించెను. వేఱొకమాట చేసికొనక వేదములోని మాటనే లోకము నిలుపుకొనుట గమనింపఁదగినది.

తెలుఁగున దీనికి సరియైన దేశ్యపదము పొత్తు. పొత్తునఁ గుడుచుట యన నొక్కకంచమునఁ గలిసి కుడుచుట. నేఁడు రాజకీయపక్షము లెన్నికలవేళఁ జేసికొను సంధికిఁ బత్రికలవారు పొత్తని పేరిడిరి. వారు కుడుచునది యొక్కకంచముననో కాదో గాని మాట మాత్రము మంచిదే దొరకినది. భాగవతదశమస్కంధమున గోపబాలురు కృష్ణునితోఁ జల్దులు గుడిచిన ఘట్టము పొత్తునకుఁ బరమోదాహరణముగాఁ దెలుఁగువారి కెల్లరకుఁ దెలిసినదే. బాలురకు నెంగిలి లేదు గనుక యది చెల్లినది. పెద్దలకుఁ జెల్లుట దుర్లభము.

ఇఁకఁ గూడు. కూడుట యను క్రియకును, గూడను నామమునకును రూపసామ్యము చూచి, కూడి తినునది గావునఁ గూ డని వ్యుత్పత్తి చెప్పుట సభలలో రంజకముగా నుండును. శాస్త్రమునకు నిలువదు. అన్నవాచకమగు కూడునకు అరవమున సమానపదము కూఴ్. కలియుట యను నర్థముగల కూడునకు అరవమునను డకారమే వినఁబడును. మొదటిదాని డకారము పూర్వము ఴకారము. చోఴుఁడు చోడుఁ డైనట్లు, కోఴి కోడి యైనట్లు, కూఴు కూడైనది. కాలక్రమమున నక్షరములు రెండును గలిసిపోయినవి గాని పదములు రెండును గలిసి పుట్టినవి గావు. అన్న మను సంస్కృతపదము పీఠ మెక్కఁగాఁ బూర్వకవులు గౌరవముతో వాడిన యీ దేశ్యపదము నేఁడు తిట్టులోఁ బడినది. చాపకూడునందు మాత్రము దాని పూర్వగౌరవము చెడలేదు.

పంక్తిశబ్దము పంచశబ్దసంబంధి. పాణిని దీనిని వింశతిత్రింశదాదులతోఁ జేర్చి నిపాతనముచే సాధించెను. ఐదుపాదముల ఛందస్సునకుఁ బేరై, పిదప వరుస యను నర్థమునకు వచ్చినది. బంతి దీని తద్భవము. పెండ్లిండ్లలో మొదటిబంతి, కడబంతి యనునప్పుడు మనము వాడునది యీ మాటయే. అయితే ధర్మశాస్త్రములయందుఁ బంక్తి కలుపునదిగాఁ గంటె వేఱుపఱుచునదిగా నెక్కువ కనఁబడుచున్నది. మనుస్మృతి తృతీయాధ్యాయమున శ్రాద్ధప్రకరణమునఁ బంక్తిని బావనము చేయువారికి నొకపట్టిక, చెఱుచువారికి నొకపట్టిక కలవు. నిబంధకారు లింకను సూక్ష్మమునకుఁ బోయిరి. నిప్పు, బూడిద, కంబము, నీరు, వాకిలి, త్రోవ, వీనిలో నేది నడుమ నున్నను బంక్తి తెగినట్లే యని వారి నిర్ణయము. ఒక్కయింట, ఒక్కవేళ, ఒక్కవంటకమును గుడుచుచున్నను, నడుమ నీటితో నొకగీఁత గీచినచో నిద్దఱును వేఱుబంతులవా రగుదురు. ఈ యేర్పాటునందలి సౌకర్యము గొప్పది. అతిథిని బొమ్మనకయే యాతనితోఁ గలియకుండవచ్చును.

అన్నము పెట్టుట వేఱు, కలిసి కుడుచుట వేఱు. మొదటిదానికి మన శాసనములలో సాక్ష్యములు లెక్కకు మిక్కిలి. మందడమునకుఁ జేరువనున్న మల్కాపురమునందలి స్తంభశాసనము వానిలో మిన్న. శకవర్షము 1183, అనఁగాఁ గ్రీ. శ. 1261వ సంవత్సరమునఁ గాకతి రుద్రమదేవి తనతండ్రి గణపతిదేవుని మాట చెల్లించి మందర, వెలగపూడి గ్రామములను గోళకీమఠాచార్యుఁ డగు విశ్వేశ్వరశివునకు ధారవోసెను. 2016 మొదలు రాష్ట్రసచివాలయ మున్న వెలగపూడియే యిది. ఆ యాచార్యుఁడు దేవాలయమును, మఠమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, సత్రమును నెలకొల్పెను. వేదాధ్యాపకులతోఁబాటు పదవాక్యప్రమాణముల నధ్యాపించువారికిని వృత్తు లిచ్చుట మా వ్యాకరణమువారికి సంతోషము గూర్చును గాని ప్రకృతము సత్రము. అందు బ్రాహ్మణులు మొదలు చండాలురవఱకు నెవరు వచ్చినను అన్నము పెట్టవలె నని శాసనాశయము. 13వ శతాబ్దిలో నింతకంటె నుదారమైన నిబంధన దొరకుట కష్టము. అయినను బెట్టవలె ననియే గాని కలిసి కుడువవలె నని లేదు. పెట్టువాఁడు పైన, పుచ్చుకొనువాఁడు క్రింద. దాత యా యన్నమునఁ దాను బాలు గొనఁడు. లోకమున సత్రముకూడు, మఠమునిద్ర యను జాతీయము నిరాధారుని గుఱించి పుట్టుటకుఁ గారణ మిదియే యని నా తలంపు. అచటఁ గడుపు నిండును గాని యెవరికి నెవ రేమియుఁ గారు.

పలనాటికథ మల్కాపురశాసనమునకు నించుమించు నెనుబదియేండ్ల పూర్వపుది. 12వ శతాబ్ది చతుర్థపాదమున మాచెర్ల మలిదేవుల పక్షమున బ్రహ్మనాయుఁడును, గురజాల నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మయు మంత్రులై యుండఁగాఁ, గోడిపోరు, వనవాసము, తుదకు నాగులేటియొడ్డునఁ గార్యమపూఁడి రణము జరిగినవి. శ్రీనాథునిపేరఁ జెల్లు ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ముద్రించి, 1938లో విపులపీఠికతో మరల వెలువరించిరి. వీరవిద్యావంతులు పాడు కథ 1974లో సేకరింపఁబడి 1982లో నాంగ్లమున నచ్చయినది. శైవవైష్ణవవైరమే యుద్ధమునకు మూల మని కొందఱు, దాయాదుల రాజ్యలోభమే మూల మని కొందఱు వ్రాసిరి. ఆ వాదము వేఱొకసంచికకుఁ దగినది.

చాపకూడు ఆచ్ఛికసమాసము. కూడు పరపదముగాఁగల సమాసములలోఁ బూర్వపదము రెండువిధముల నుండును. జొన్నకూడు, చద్దికూడు అనునపుడు కూటి స్వరూపమును దెలుపును. సత్రముకూడు అనునపు డది దొరకుచోటును దెలుపును. చాపకూడు రెండవతెగలోనిది, చాపయందలి కూడు. చాప కూర్చుండుటకా, వడ్డించుటకా యని ప్రశ్న. పల్లెలలో నేఁటికిని బెద్దవంటలయందు గుండిగలనుండి యన్నమును జాపలపైఁ గుప్పవోయుట యందఱును జూచినదే. కావున నన్నపురాశికిఁ జాప యాధార మనుట లోకవిరుద్ధము గాదు. కూర్చుండుచాప యనినను బ్రధానార్థమునకు హాని లేదు. ఏవిధమున జూచినను జాప యొక్కటి. నేలపై బూడిదతోనో నీటితోనో గీఁత గీయవచ్చును. అల్లినచాపను నడుమఁ గోసినఁగాని రెండు చేయరాదు. నిబంధకారులు చెప్పిన యాఱింటిలో నొక్కటియుఁ జాపనడుమఁ జొరలేదు. చాపకూటికిని సహపంక్తికిని గల భేద మిదియే.

ఆ చాపపై నెవరు గూర్చుండిరి? బ్రహ్మనాయుఁడు పెద్దకొడుకుగాఁ జేకొని సేనాపతిని జేసిన కన్నమదాసు మాలకులమువాఁడు. బాలచంద్రునకు సోదరు లని కథలోఁ బిలువఁబడువారిలో వెలమ, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కలరు. బ్రాహ్మణుఁ డగు అనపోతు కలఁడు. దీనిని నేఁటి సంఘసంస్కరణ మని కొందఱు పొంగిపోవుదురు. నా కంత తోఁచదు. ఇది సైన్యపుచాప. కలిసి చావవలసినవారిని గలిపి యుంచుటకు దళపతి పన్నినది. ఊరియిండ్లలో స్త్రీలు, వృద్ధులు, అయ్యలు నొక్కచాపపైఁ గుడిచి రని కథ చెప్పదు. కాని యంతమాత్రమునఁ దక్కువ చేయఁబనిలేదు. సైన్యము లన్నిటను వీరు లుండిరి, అన్నిటను జాప పఱవలేదు.

అనపోతుకథ యీ సందర్భమున ముఖ్యము. యుద్ధమునకుఁ బోవుచు బాలచంద్రుఁడు, బ్రాహ్మణుఁడు తనకొఱకుఁ జచ్చినచో బ్రహ్మహత్య చుట్టుకొను నని వెఱచి, యేదో మిషమీఁద నాతని నింటికిఁ ద్రిప్పిపంపి, తా ముందుకు సాగెను. తన్ను విడిచి పోయి రని తెలిసికొన్న యనపోతు ప్రాణములు తీసికొనెను. బాలచంద్రుఁడు దురుద్దేశమునఁ జేయలేదు, గౌరవముననే చేసెను. కాని గౌరవముతోఁ జేసినను వేఱుపఱుచుట వేఱుపఱుచుటయే. చాపపైఁ దెగని బంతి త్రోవలోఁ దెగినది. నిబంధకారుల పట్టికలోఁ గడపటిది త్రోవయే. కథకుఁ డా పట్టికను దెలిసి కల్పించె నని యనను గాని, యనపోతునకు మాత్రము దాని యర్థము పండితులకంటె బాగుగాఁ దెలిసినది.

ఇంచుమించు నా కాలముననే కల్యాణమున బసవేశ్వరుని యనుయాయులును గులము పాటింపక కలిసి కుడిచిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుఁగువారికి దీనిని జెప్పినది. అచట లింగధారణ ద్వారము. భక్తుఁ డైనవాఁడు లోపల, భవి వెలుపల. పలనాట నట్టి ద్వారము లేదు, యుద్ధమునకు వచ్చుటయే యధికారము.

చాప చుట్టివేసిన పిదప నేడువందలయేండ్లకుఁ గూడ మనదేశమున భోజనమే పరీక్ష యయ్యె ననుటకు నొకయుదాహరణము చాలును. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆనాఁటి కష్టములను వారు స్వీయచరిత్రమున వ్రాసియున్నారు. వంటవారు, నీళ్లు తెచ్చువారు నిరాకరించిరి. విద్యార్థులు పూనుకొని తోడ్పడిరి. పీఠాధిపతులనుండి బహిష్కారపత్రికలు వచ్చినవి. ఉపన్యాసములు విని చప్పట్లు చఱచినవారు పెక్కండ్రు. విస్తరియొద్దకు వచ్చుసరికి సంఖ్య తగ్గినది, వచ్చినవారిలోను గొందఱు పిదపఁ బ్రాయశ్చిత్తము చేయించుకొనిరి. వివాహము శాస్త్రసమ్మతమా కాదా యని వాదించుటకు వారికి భయము లేదు. వాదించినవాఁడు బహిష్కృతుఁడు గాఁడు, కుడిచినవాఁ డగును. సిద్ధాంతము కంఠముతోఁ బలుకవచ్చును, సగ్ధి చేయి కలిపినఁగాని సిద్ధింపదు.

నేఁడు కార్తికమాసమున నుసిరికచెట్టుక్రింద వనభోజనములు మిక్కుటము. బంధుమిత్రులతోఁ దోఁటకుఁ బోయి కుడుచు నీ యాచారము మనోహరమైనది. కాని కొన్నియేండ్లుగాఁ బట్టణములలోఁ గులసంఘము లొక్కొక్కటి యొక్కొక్క తోఁటను మాటలాడుకొని వేర్వేఱు వనభోజనములు జరుపుచున్నవి. పత్రికలలోఁ బ్రకటనలును గులముపేరనే వచ్చుచున్నవి. ఇచట నీటిగీఁతయు నక్కఱలేదు, తోఁటకంచెయే చాలును.

వనభోజనములు ముగియు కార్తికామావాస్యనాఁడే, 2022 మొదలు పలనాడుజిల్లాలోనిదైన కారెంపూడియందు వీరారాధన మారంభ మగును. ఉత్సవ మైదుదినములు, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని పేర్లు. ఊరూరినుండి వంశీయులు తమ వీరుల యాయుధములను దెచ్చి నాగులేట స్నానము చేయింతురు. వీరులగుడియొద్ద విద్యావంతులు కథ పాడుదురు. మూఁడవనాఁడు, మందపోరునాఁడు, చాపకూడు పెట్టుదురు.