చెరువు కట్టినవారికి వదిలిన శిస్తు

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల్లో సాలీనా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో, ఇక్కడ రైతు బతుకుకూ రాజు బొక్కసానికీ చెరువే ఆధారమైంది. చెరువు నిండితే మాగాణి పండేది, మాగాణి పండితే శిస్తు వచ్చేది, కట్ట తెగితే రెండూ పోయేవి. అందుకే శిస్తంతా వసూలు చేసి అందులోంచి మరమ్మతులకు ఖర్చు పెట్టడానికి బదులు, చెరువు తవ్వించినవారికో బాగుచేయించినవారికో శిస్తులో కొంత భాగాన్ని ముందే వదిలేసే ఏర్పాటు ఈ సీమలో విరివిగా సాగింది. దీన్నే దశబంధం అన్నారు. పేరు పదో వంతును సూచించినా, వదిలే భాగం ఊరినిబట్టి మారేది.

దశబంధం రెండు రకాలు. ఆయకట్టులో కొంత భూమిని హద్దులు పెట్టి విడిగా ఇనాముగా ఇస్తే అది ఖండం దశబంధం; భూమిని విడదీయకుండా ఆయకట్టు మొత్తం మీద వచ్చే శిస్తులో ఇంత వాటా అని నిర్ణయిస్తే అది షామిలాతు దశబంధం. ఏ రకమైనా షరతు ఒక్కటే: కట్టను, తూమును, అదనపు నీరు పొర్లిపోయే మరవను ఇనాందారు చక్కగా ఉంచాలి, ఉంచకపోతే ఇనాము పోతుంది. ఇందులో సర్కారు నిజంగా నష్టపోయిందేమీ లేదు. మెట్టగా ఉన్నప్పుడు నామమాత్రపు శిస్తు కట్టిన నేల మాగాణి అయ్యాక ఎన్నో రెట్లు కట్టేది కాబట్టి, పెరిగిన ఆదాయంలోంచే ఈ మినహాయింపు వెళ్లేది. అయితే ఇనాము దక్కింది పెట్టుబడి పెట్టినవారికే. మట్టి మోసినవారికి మిగిలింది కూలి మాత్రమే. ఈ లోటును దాచి దశబంధాన్ని ఆదర్శ వ్యవస్థగా వర్ణించడం సరికాదు.

పెద్ద పనులను రాజులే నేరుగా చేయించారు. పెనుకొండలో ఉంటూ పాలిస్తున్న ప్రతాప బుక్కరాయల ఆజ్ఞపై, జలసూత్రం అనే నీటి విద్య తెలిసిన సింగాయభట్టు పెన్నానది నీటిని సిరివేర చెరువుకూ అక్కడి నుంచి పెనుకొండకూ కాలువ ద్వారా తెచ్చినట్టు 1388 నాటి శాసనం తెలుపుతుంది. రాజధనం చెరువులకే కాదు, గుడులకూ వెళ్లింది: లేపాక్షి ఆలయానికి పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాజధనాన్ని అనుమతి లేకుండా ఖర్చు చేశాడన్న కథ ప్రచారంలో ఉన్నా, శాసనాలు మాత్రం అచ్యుతరాయల కాలపు దానాలనే నమోదు చేశాయి. ఎవరి సొమ్ము ఎవరు దేనికి ఖర్చు చేశారన్న ప్రశ్న ఈ సీమకు కొత్తది కాదన్న మాట.

1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దత్తమండలాలలో భాగంగా వచ్చాక, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, చెరువుకు అనువైన చోటల్లా ప్రజలు ఇదివరకే చెరువు కట్టేశారని, కొత్తవి కట్టడం ఆశలేని పని అని గమనించాడు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఇనాముల హక్కులను విచారించి, దశబంధాలను సేవా షరతుతోనే కొనసాగించింది. 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టంతో మరో దారి తెరుచుకుంది: శిస్తుపై సెస్సు, అంటే నిర్దిష్ట ప్రయోజనం కోసం వేసే అదనపు పన్ను విధించి, ఆ సొమ్మును రోడ్లు, బడులు, ఆసుపత్రుల వంటి స్థానిక అవసరాలకు వాడసాగారు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. చెరువు మాత్రం సర్కారు శాఖల చేతుల్లోకి జారుకుంది. శిస్తుకూ చెరువుకూ ఉన్న పాత ముడి అలా సడలింది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం రైతుల సంఘాలను ఏర్పరచి, నీటి పన్నులో వాటాను వాటికి మళ్లించే ప్రయత్నం చేయడం ఆ ముడిని మళ్లీ వేయడమే.

పన్నులో వాటాను స్థానికంగానే వదిలేసిన ఈ చరిత్ర నేటి కర్బన పన్ను చర్చకు పనికొస్తుంది. బొగ్గు, చమురు మండించినందుకు పన్ను వేసి, వచ్చినదంతా ఇతర పన్నుల తగ్గింపుగానో నగదుగానో ప్రజలకే తిరిగి ఇస్తే దాన్ని రాబడి పెంచని కర్బన పన్ను అంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో దీన్ని చట్టం చేసింది. అక్కడి పురపాలక సంఘాల్లో చాలా భాగం వాతావరణ ఒప్పందంపై సంతకం చేసి, తాము కట్టిన పన్నుకు సమానమైన సొమ్మును గ్రాంటుగా పొందాయి. ఆ ఒప్పందానికి స్థానికంగా దక్కిన మద్దతుకు బలం ఈ తిరుగు చెల్లింపే. కొన్నేళ్లకు రాబడి పెరగకూడదన్న నియమాన్ని తొలగించారు. 2025 ఏప్రిల్ 1న వినియోగదారులపై పన్ను కూడా రద్దయింది.

భారతదేశంలో 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016 నాటికి 400 రూపాయలకు చేరింది. కేంద్ర నిధికి వెళ్లిన ఈ సొమ్ములో లేపాక్షి పంచాయతీకిగానీ హిందూపురం పురపాలక సంఘానికిగానీ ఖండమూ లేదు, షామిలాతూ లేదు. అలాంటి పన్నుకు స్థానిక సంస్థలు అండగా నిలవాలని కోరడం న్యాయం కాదు. 2017లో ఆ సెస్సు జీఎస్టీ పరిహార సెస్సులో కలిసిపోయింది.